తెర నల్లబడితే ప్యానెలే పోయిందా?

(పాత ల్యాప్‌టాప్‌ల మరమ్మతు గురించి విశాఖపట్నంలో జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందాండీ? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. సరే, మొదలుపెడదాం.

రిపేరు షాపు కౌంటరు దగ్గర రోజూ వినబడే మాట ఒకటుంది. "డిస్‌ప్లే పోయిందండీ." ఆ ఒక్క మాట కింద ఎన్ని రకాల రోగాలున్నాయో చూడండి. పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. అది ఒకటి. తెర మీద బొమ్మ ఉంటుంది కానీ వెలుతురు ఉండదు. అది వేరు. తెరంతా తెల్లగా వెలుగుతుంది, బొమ్మ ఉండదు. అది ఇంకోటి. నిలువు గీతలు, అడ్డ గీతలు, మూత కదిపితే వచ్చి పోయే బొమ్మ, ఆన్ చేయగానే రెండు సెకన్లు వెలిగి ఆరిపోయే తెర. ఇవన్నీ ఒకటేనా? కాదు. మందు కూడా ఒకటి కాదు. కానీ షాపులో చాలాసార్లు అన్నిటికీ చెప్పే మందు ఒకటే, ప్యానెల్ మార్చాలి అని, అంటే బొమ్మ చూపించే తెర పలకే మార్చాలి అని. నా గోడంతా దాని గురించే. ప్యానెల్ కొనకముందు ఒక అరగంట పరీక్ష చేయండి. ఆ అరగంట ఎలా గడపాలో చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ముందు బొమ్మ ఎలా నడుస్తుందో తెలియాలి. గ్రాఫిక్స్ చిప్‌లో బొమ్మ తయారవుతుంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న కనెక్టర్ ఉంటుంది, అక్కడినుంచి సన్నటి కేబుల్ బయల్దేరుతుంది. ఆ కేబుల్ హింజ్, అంటే మూత తిరిగే కీలు, పక్కనుంచి దూరి, మూత లోపలికెక్కి, ప్యానెల్ వెనక ఉన్న కనెక్టర్‌లో ముగుస్తుంది. ప్యానెల్ అడుగున ఒక పొడవాటి సన్న బోర్డు ఉంటుంది, టీకాన్ అంటారు. వచ్చిన సిగ్నల్‌ని వరుసలు, నిలువులుగా పంచేది అదే. వెలుతురు సంగతి మళ్లీ వేరు. వెనకనుంచి వెలిగే దీపాన్ని బ్యాక్‌లైట్ అంటాం. దానికి కరెంటు అదే కేబుల్‌లో వేరే తీగల మీద వస్తుంది. బొమ్మది ఒక దారి, వెలుతురుది ఒక దారి. ఈ రెండూ విడివిడి అని గుర్తుంచుకోండి, సగం పని అయిపోయినట్టే. కుళాయిలో నీళ్లు రాకపోతే ట్యాంకు దగ్గర ఉన్నాయా, పైపులో ఉన్నాయా అని చూసుకుంటూ వస్తామా లేదా? ఇక్కడా అంతే. బొమ్మ ఎక్కడిదాకా వచ్చి ఆగింది? వెలుతురు ఎక్కడిదాకా వచ్చి ఆగింది? ఈ రెండు ప్రశ్నలే.

ఇప్పుడు తెర నల్లగా ఉంది. ఒక్క స్క్రూ కూడా విప్పకండి. ముందు క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతోందా? అయితే మెషీన్ బతికే ఉంది, లోపల అన్నీ నడుస్తున్నాయి, తెర దగ్గరే ఏదో ఉంది. లైటు మారకపోయినా, తనంతట తనే ఒక లెక్క ప్రకారం మిణుకుమంటున్నా, లేదా బీప్‌లు వినబడుతున్నా, మెషీన్ అసలు లేవలేదన్నమాట. అప్పుడు తెరని తిట్టి లాభం లేదు. ఆ మిణుకులు ఎన్నో, బీప్‌లు ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. ఏ లెక్కకి ఏ అర్థమో కంపెనీ కంపెనీకీ మారుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది.

లేవని మెషీన్‌కి మొదటి మందు చాలా తేలిక. అడాప్టర్ తీసేయండి. బ్యాటరీ తీసేయండి. పవర్ బటన్ 30 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ లేకుండా అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు దీనికే లేచి కూర్చుంటాయి.

లేవలేదా? రెండోది ర్యామ్, అంటే మెషీన్ నడిచేటప్పుడు వాడుకునే మెమరీ పలక. దీని దగ్గర కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో ఇది ఎక్కువ. మనది సముద్రం ఒడ్డు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, ఇటు రుషికొండ, భీమిలి వైపు కిటికీలు తీస్తే వచ్చేది ఉప్పుగాలి. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు అయితే పోర్టు ధూళి. ఉప్పు, తేమ, దుమ్ము మూడూ కలిసి ర్యామ్ కాళ్ల మీద, అంటే స్లాట్‌లో దూరే అంచున ఉండే సన్నటి లోహపు పట్టీల మీద, ఒక పలచని పొరలా పడతాయి. కంటికి కనబడదు, కానీ కరెంటుకి అడ్డం పడుతుంది. అంతే, మెషీన్ లేవదు, తెర నల్లగా ఉంటుంది, మనం డిస్‌ప్లే పోయిందంటాం.

ఎలా తుడవాలి? బ్యాటరీ తీశాక, అడుగున ర్యామ్ మూత విప్పండి. రెండు పక్కల ఉన్న క్లిప్పులు బయటికి నొక్కితే ర్యామ్ ఏటవాలుగా లేస్తుంది. అంచులు పట్టుకుని లాగండి, బంగారు రంగు కాళ్లు ముట్టుకోకండి. పిల్లలు పెన్సిల్‌కి వాడే తెల్ల రబ్బరు తీసుకోండి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వద్దు. ఉప్పుకాగితం అసలే వద్దు, ఆ బంగారు పూత చాలా పలచన, రెండు రుద్దులకే పోతుంది, పోయాక చిలుము ఇంకా తొందరగా పడుతుంది. కాళ్ల పొడవునా, పైనుంచి కిందికి, మెల్లగా రుద్దండి. రెండు వైపులా. రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా దూరంగా కూర్చుని చేయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, 99 శాతం ఉన్నది. మందుల షాపులో 70 శాతం ఇస్తారు, అందులో మిగతాది నీళ్లే, వద్దు. స్లాట్‌ని మెత్తటి బ్రష్‌తో దులపండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత దాన్నే రెండో స్లాట్‌లో, తర్వాత రెండోదాన్ని. నాలుగు ప్రయత్నాలు. ర్యామ్ పోయిందా, స్లాట్ పోయిందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ర్యామ్ గురించే ఇంకో మాట, ఇది రాసుకోండి. డీడీఆర్3 అనే తరం ర్యామ్‌లో రెండు రకాలున్నాయి. మామూలుది 1.5 వోల్టులది, ఎల్ అక్షరం ఉన్నది 1.35 వోల్టులది. ఆకారం ఒకటే, రెండింటికీ 204 కాళ్లే, స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి. కానీ ఇంటెల్ నాలుగో తరం యూ రకం ప్రాసెసర్లున్న సన్నటి ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టులదాన్నే ఒప్పుకుంటాయి. ర్యామ్ పెంచుదామని పాతది తెచ్చి పెడతారు, తెర నల్లగా ఉంటుంది, మళ్లీ డిస్‌ప్లే పోయిందనే అంటారు. ర్యామ్ స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉందో, పీసీ3 అని మాత్రమే ఉందో చూసుకోండి.

సరే, మెషీన్ లేచింది, క్యాప్స్ లాక్ వెలిగి ఆరుతోంది, తెర మాత్రం నలుపు. ఇప్పుడు గదిలో లైట్లు ఆర్పండి. మొబైల్ టార్చ్ వెలిగించి తెరకి దగ్గరగా, పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. కంపెనీ గుర్తో, విండోస్ ఐకాన్లో లీలగా కనబడుతున్నాయా? కనబడ్డాయంటే సంతోషించండి. గ్రాఫిక్స్ చిప్ బాగుంది, ప్యానెల్‌కి బొమ్మ చేరుతోంది. పోయింది వెలుతురు దారి ఒక్కటే. ఏమీ కనబడకపోతే బొమ్మ కూడా రావడం లేదని అర్థం.

వెలుతురు లేదనగానే విప్పేయకండి, రెండు చిన్న విషయాలున్నాయి. ఒకటి, బ్రైట్‌నెస్ పూర్తిగా కిందికి దిగిపోయి ఉండొచ్చు, ఎఫ్ఎన్ మీటతో పెంచి చూడండి. రెండు, మూత సెన్సర్. మూత వేయగానే తెర ఎలా ఆరిపోతోంది? మూతలో చిన్న అయస్కాంతం, కింద దాన్ని పసిగట్టే సెన్సర్. ఆ సెన్సర్ పాడైతే మూత వేసే ఉందనుకుని తెరని ఆర్పేస్తుంది. ఇంకో ల్యాప్‌టాప్ మీద పెట్టి వాడినా, అయస్కాంతం ఉన్న మొబైల్ కవర్ కీబోర్డు పక్కన పెట్టినా ఇదే జరుగుతుంది. ముందు చుట్టుపక్కలవి తీసి చూడండి.

ఇక అన్నిటికన్నా పెద్ద పరీక్ష, బయటి మానిటర్. ఇంట్లో టీవీ ఉన్నా చాలు. కేబుల్ ముందే తగిలించి, ఆ తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. విండోస్ లోపలికి వెళ్లాక విండోస్ మీట పట్టుకుని పీ నొక్కుతూ పోతే మోడ్‌లు మారతాయి. బయట బొమ్మ శుభ్రంగా వచ్చి, ల్యాప్‌టాప్ తెర మీదే రాకపోతే దోషం కేబుల్‌ది, ప్యానెల్‌ది, లేదా బ్యాక్‌లైట్‌ది. బయట కూడా అవే గీతలు, అవే గళ్లు కనబడితే దోషం గ్రాఫిక్స్ చిప్ వైపు. ఇంకో మాట, బయట బొమ్మ వచ్చిన క్షణమే మీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్‌డిస్క్‌లోకో ఎక్కించుకోండి. రిపేరు తర్వాత చూద్దామని వదిలేయకండి.

గీతలున్నాయి, విండోస్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, వల్లేమో అని అనుమానమా? ఆన్ చేయగానే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్ లేదు. అక్కడా గీతలుంటే హార్డ్‌వేరే. బయోస్‌లో శుభ్రంగా ఉండి విండోస్‌లోనే వస్తే డ్రైవర్ తీసి మళ్లీ వేయండి. స్క్రీన్‌షాట్ పరీక్ష కూడా పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌లో చూడండి. గీతలు అందులో లేవంటే అవి గ్రాఫిక్స్ చిప్ మెమరీ దాటాక పుట్టినవి. డెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇంకో సదుపాయం ఉంది. మెషీన్ ఆపి, డీ మీట పట్టుకుని పవర్ నొక్కితే తెర ఒక్కో రంగుతో నిండుతూ పోతుంది. ఆ రంగుల్లో కూడా గీత కనబడితే ఇక ప్యానెల్ మీదే అనుమానం.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ర్యామ్ మూత తప్ప ఏమైనా విప్పామా? లేదు. ఇప్పుడు విప్పుదాం.

మూత విప్పాక

అడాప్టర్ తీస్తే చాలదండీ. మళ్లీ చెబుతున్నాను, అడాప్టర్ తీస్తే చాలదు. బ్యాటరీ తీయాలి. బ్యాటరీ లోపలే ఉండే మోడల్ అయితే ముందు అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఆ తర్వాతే తెర జోలికి వెళ్లాలి. ఎందుకింత పట్టుబడుతున్నానో ఇంకాసేపట్లో చెబుతాను, ఒక చిన్న ఫ్యూజ్ కథ ఉంది.

తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం తీయాలి. మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలుంటాయి, వాటి కింద స్క్రూలు. సూదితో బిళ్లలు లేపి, ఒక కాగితం మీద ఏది ఏ మూలదో అలాగే అంటించుకోండి. స్క్రూలు తీశాక పాత ఏటీఎం కార్డు లోపలి అంచున దూర్చి, పైభాగంనుంచి మొదలుపెట్టి క్లిప్పులు ఒక్కోటీ వదిలించండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, గాజు అక్కడే ఉంది. హింజ్‌ల దగ్గర చట్రం బిగుతుగా ఉంటుంది, అక్కడ చివర్న తీయండి. చట్రం వచ్చాక ప్యానెల్‌ని పట్టిన స్క్రూలు, సాధారణంగా పక్కలకి కొన్ని, లేదా పైన రెండు కింద రెండు. అవి తీసి, కీబోర్డు మీద మెత్తటి గుడ్డ పరిచి, ప్యానెల్‌ని మెల్లగా ముందుకి బోర్లించండి. ఇప్పుడు దాని వెనక భాగం మీకు కనబడుతోంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. హింజ్‌లు చూడండి. మన ఊళ్లో పాత ల్యాప్‌టాప్ మూత తెరిస్తే కిర్రుమంటుందా? చాలామంది తలూపుతున్నారు. అది ఉప్పుగాలికి హింజ్ లోపల పట్టిన తుప్పు. హింజ్ బిగుసుకుపోతే మూత తెరిచినప్పుడల్లా ఆ బలమంతా ఎక్కడ పడుతుంది? ప్లాస్టిక్ మీద, పక్కనే దూరిన కేబుల్ మీద. ప్లాస్టిక్‌లో పాతిన ఇత్తడి మరలు ఊడొస్తాయి, హింజ్ పైకి లేస్తుంది, కేబుల్ దాని కింద నలుగుతుంది. మూత ఒక కోణంలో ఉంటే బొమ్మ వస్తుంది, ఇంకాస్త వంచితే పోతుంది. ఈ లక్షణం కనబడితే కేబులే, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కేబులే. కొత్త కేబుల్ వేసి, హింజ్‌ని అలాగే వదిలేస్తే? కొత్తదీ తెగుతుంది. హింజ్ నట్టుని పావు చుట్టు వదులు చేయండి, కదిలే చోట కుట్టుమెషీన్ నూనె ఒక్క చుక్క వేసి, పైకి వచ్చింది తుడిచేయండి. కేబుల్ పాత దారిలోనే, గాడిలోనే వెళ్లేలా చూడండి. గాడి తప్పిన కేబుల్ చట్రం కింద నలిగి రెండో రోజే పోతుంది.

ఇక ప్యానెల్ వెనక కనెక్టర్. ముందువరసలో ఉన్నవాళ్లు దీన్ని దగ్గరగా చూడండి, తర్వాత వెనక్కి పంపండి. కనెక్టర్ మీద ఒక పారదర్శకమైన టేపు ఉంది కదా, దాన్ని ఒక కొసనుంచి లేపండి. దాని కింద కొన్నిటికి సన్నటి ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పాలి. ఇప్పుడు కనెక్టర్‌ని పైకి ఎత్తకూడదు. ప్యానెల్‌కి సమాంతరంగా, కేబుల్ వచ్చిన వైపుకే జరపాలి. తీగలు పట్టుకుని లాగకండి, కనెక్టర్ రెండు చెవుల దగ్గర గోళ్లతో ఒక్కో మిల్లీమీటర్ చొప్పున కదుపుతూ రండి. ఊడొచ్చాక భూతద్దంలో కాళ్లు చూడండి. ఆకుపచ్చగా, తెల్లగా పొడిలా ఉందా? చిలుము. మెత్తటి బ్రష్‌ని 99 శాతం ఆల్కహాల్‌లో ముంచి తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. ఒక కాలు వంగి ఉందా, నల్లగా మాడి ఉందా? నల్లగా మాడితే అక్కడ కరెంటు దారి తప్పిందని గుర్తు.

ఈ కాళ్లలో ఏది ఏమిటి? ఎల్‌వీడీఎస్ అంటే ప్యానెల్‌కి బొమ్మ పంపే పాత పద్ధతి. 40 కాళ్ల ఎల్‌వీడీఎస్ ప్యానెళ్లలో సాధారణంగా 2, 3 కాళ్లు ప్యానెల్‌కి 3.3 వోల్టులు. 38, 39, 40 బ్యాక్‌లైట్‌కి వెళ్లే కరెంటు, అది బ్యాటరీ వోల్టేజీ, అడాప్టర్ ఉంటే 19 వోల్టులదాకా ఉండొచ్చు. మధ్యలో బొమ్మ సిగ్నళ్లు. మొదట్లో రెండు కాళ్ల మీద ఈడీఐడీ వస్తుంది, అంటే ప్యానెల్ తన పేరు, తన కొలతలు బోర్డుకి చెప్పుకునే 128 బైట్ల చీటీ. ఆ రెండు కాళ్లలో చిలుము పడితే బోర్డుకి ప్యానెల్ ఉందనే తెలియదు, తెర నల్లగానే ఉంటుంది. చూశారా, రెండు కాళ్ల మురికికి కొత్త ప్యానెల్ కొనేవాళ్లున్నారు.

ఇప్పుడు ఫ్యూజ్ కథ. బ్యాటరీ తగిలించి ఉండగా కనెక్టర్‌ని కాస్త ఏటవాలుగా దూర్చారనుకోండి. బ్యాక్‌లైట్ కరెంటు కాలు పక్క కాలిని తాకుతుంది. మదర్‌బోర్డు మీద తెర కనెక్టర్ పక్కనే బియ్యపుగింజలో సగమంత ఫ్యూజ్ ఉంటుంది, అది ఎగిరిపోతుంది. కొత్త ప్యానెల్ వేశారు, బొమ్మ టార్చ్ వెలుగులో కనబడుతోంది, వెలుతురు లేదు. కొత్త ప్యానెలే పాడైనదిచ్చారని షాపువాడితో గొడవ. బోర్డు మీద ఎఫ్ అక్షరంతో మొదలయ్యే నంబరు, లేదా పీఎఫ్ అని ఉంటుంది. బ్యాటరీ తీసి, కరెంటు కొలిచే మల్టీమీటర్‌ని బజర్‌లో పెట్టి ఫ్యూజ్ రెండు కొసలూ ముట్టించండి. మోగితే బాగుంది. మోగకపోతే ఫ్యూజ్ పోయింది. అదే ఆంపియర్ ఉన్న ఫ్యూజ్ మార్పించండి. దాని స్థానంలో తీగ ముక్క టంకం వేయించకండి. మళ్లీ షార్టయితే ఈసారి ఎగిరేది ఫ్యూజ్ కాదు, బోర్డు.

ఇంకో జాగ్రత్త. మెషీన్ ఆన్‌లో ఉండగా ఆ 40 కాళ్ల కనెక్టర్‌లో మల్టీమీటర్ సూది పెట్టి వోల్టేజీ చూడకండి. కాళ్ల మధ్య ఎడం అర మిల్లీమీటరే. సూది జారితే 19 వోల్టులు సిగ్నల్ తీగల్లోకి, అక్కడినుంచి ప్రాసెసర్‌లోకి. ఫ్యూజ్ దగ్గర చూసుకోండి, అక్కడ చోటుంటుంది.

మీలో 2009 ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు ఇంకా వాడేవాళ్లున్నారా? ఇద్దరున్నారు, మంచిది. వాటిలో చాలావాటికి బ్యాక్‌లైట్ ఎల్ఈడీ కాదు, సన్నటి ట్యూబ్‌లైటు ఉంటుంది, సీసీఎఫ్ఎల్ అంటారు. దాన్ని వెలిగించడానికి చట్రం అడుగున ఇన్వర్టర్ అని ఒక పొడుగాటి బోర్డు ఉంటుంది. ఆన్ చేయగానే తెర గులాబీ రంగులో మొదలై మెల్లగా తెల్లబడితే ట్యూబు ముసలిదైందని. రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతే, ట్యూబు సరిగా వెలగడం లేదని ఇన్వర్టర్ తనని తాను ఆపుకుంటోంది. ట్యూబు పోయిందో ఇన్వర్టర్ పోయిందో, మంచి ఇన్వర్టర్ తగిలించి చూస్తే తేలుతుంది. ఒకటే హెచ్చరిక. ఆ ఇన్వర్టర్ బయటికిచ్చేది వందల వోల్టులు, వెలిగే క్షణంలో వెయ్యి దాటుతుంది. ఆన్‌లో ఉండగా దాని మీద చెయ్యి పెట్టకండి. ట్యూబు పగలగొట్టకండి, అందులో పాదరసం ఉంది.

ప్యానెల్ కొనాల్సి వస్తే

అన్నీ చూశాక ప్యానెలే అని తేలింది. గాజు పగిలి సాలెగూడులా చీలింది, నల్ల సిరా పాకింది. లేదా నిలువు గీత వచ్చింది, చట్రం అడుగున వేలితో నొక్కితే పోతోంది, వదిలితే వస్తోంది. ఆ గీతకి కారణం ఏంటంటే, గాజు అంచున డ్రైవర్ చిప్‌లు మోసే పలచటి రిబ్బన్లు అంటించి ఉంటాయి, ఆ అంటు ఊడింది. దాన్ని మళ్లీ అంటించాలంటే వేడి, ఒత్తిడి కలిపి ఇచ్చే బాండింగ్ మెషీన్ కావాలి. టంకం కర్రతో అయ్యే పని కాదు. కొన్ని చోట్ల చట్రం లోపల కాగితం మడత పెట్టి నొక్కిపట్టి ఇస్తారు. వారం పనిచేస్తుంది, తర్వాత గీత తిరిగొస్తుంది, కాగితం మందమైతే గాజే పగులుతుంది. నేనైతే వద్దంటాను.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ చెప్పి కొనకండి. ఒకే మోడల్‌లో కంపెనీ మూడు రకాల ప్యానెళ్లు వాడి ఉండొచ్చు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది కోడ్ ఫోటో తీసుకుని వెళ్లండి. ఉదాహరణకి ఎల్‌పీ156డబ్ల్యూహెచ్4 అని ఉంటే, 156 అంటే 15.6 అంగుళాలు. ఎల్‌జీ కోడ్‌లో దాని తర్వాత టీఎల్ అని ఉంటే ఎల్‌వీడీఎస్, టీపీ అని ఉంటే ఈడీపీ, అంటే కొత్త పద్ధతి. ఇన్నోలక్స్ ఎన్156బీజీఈ అయితే ఆ తర్వాత వచ్చే అక్షరం చూడండి. ఎల్ ఉంటే ఎల్‌వీడీఎస్, ఈ ఉంటే ఈడీపీ. ఆ ఒక్క అక్షరం తప్పితే ప్యానెల్ పెట్టెలోంచి తీసి మళ్లీ పెట్టెలో పెట్టాల్సిందే.

ఏంటీ రెండు రకాలు? బోర్డునుంచి ప్యానెల్‌కి బొమ్మ పంపే పద్ధతులు. పాతది ఎల్‌వీడీఎస్, కొత్తది ఈడీపీ. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, మరికొన్ని కంపెనీలు కలిసి ఎల్‌వీడీఎస్‌ని 2013 నాటికి వదిలేస్తామని ప్రకటించాయి. కాబట్టి అంతకుముందు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 40 కాళ్ల ఎల్‌వీడీఎస్, తర్వాతవాటిలో ఎక్కువగా 30 కాళ్ల ఈడీపీ. మధ్య సంవత్సరాలవి మాత్రం అంచనాతో చెప్పకండి, స్టిక్కర్ చూడండి. టచ్ ఉన్న ఈడీపీ ప్యానెళ్లలో 40 కాళ్లవీ ఉన్నాయి. సీసీఎఫ్ఎల్ కాలంనాటి 30 కాళ్లకీ, ఈడీపీ 30 కాళ్లకీ ఏ సంబంధమూ లేదు.

కోడ్ దొరక్కపోతే సరిచూసుకోవాల్సినవి ఇవి: అంగుళాలు, రిజల్యూషన్, కనెక్టర్ రకం, కాళ్ల సంఖ్య, కనెక్టర్ ఏ మూలన ఉంది, స్క్రూ చెవులు పక్కలకున్నాయా పైనా కిందా ఉన్నాయా. నిగనిగలాడే తెరా, మ్యాట్ తెరా అన్నది మీ ఇష్టం, మ్యాట్ అయితే కిటికీ వెలుతురు మొహాన కొట్టదు. "1366×768 తీసేసి ఫుల్ హెచ్‌డీ వేయొచ్చా" అని ఎవరో అడిగారు. ఎల్‌వీడీఎస్‌లో వేయాలంటే కేబుల్ కూడా మార్చాలి, ఎందుకంటే పాత కేబుల్‌లో ఒక ఛానెల్ తీగలే ఉంటాయి, ఫుల్ హెచ్‌డీకి రెండు కావాలి. బోర్డులో కూడా ఆ రెండో ఛానెల్ బయటికి తెచ్చి ఉండాలి. తెలియకుండా కొంటే సొమ్ము దండగ.

కొత్త ప్యానెల్ రాగానే స్క్రూలు బిగించేయకండి. బ్యాటరీ లేకుండా కనెక్టర్ తగిలించి, టేపు వేసి, ప్యానెల్‌ని గుడ్డ మీద ఆనించి, అప్పుడు కరెంటు ఇవ్వండి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఐదు రంగులూ తెర నిండా వేసి చూడండి. నల్ల తెర మీద వెలిగే చుక్క, తెల్ల తెర మీద నల్ల చుక్క వెతకండి. షాపువాడు మార్చి ఇచ్చేది తెర మీద అంటించిన రక్షణ పొర తీయకముందే. బాగుంటే మళ్లీ కరెంటు తీసి, బ్యాటరీ తీసి ఉందో లేదో చూసుకుని, బిగించండి. చట్రం క్లిప్పులు వేశాక మూతని పూర్తిగా తెరిచి మూస్తూ బొమ్మ కదలకుండా ఉందో చూడండి. రబ్బరు బిళ్లలు ఆ తర్వాతే అంటించండి.

మొదట్లో తెల్ల తెర గురించి చెప్పాను కదా. వెలుతురుంది, బొమ్మ లేదు. పాత టీఎన్ రకం ప్యానెల్‌కి సిగ్నల్ లేకపోతే తెల్లగా ఉంటుంది, అది దాని స్వభావం. కాబట్టి తెల్ల తెర అంటే బ్యాక్‌లైట్ బాగుంది, 3.3 వోల్టులో సిగ్నలో అందడం లేదు. ముందు కేబుల్ రెండు కొసలూ తీసి పెట్టండి. ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్ అయితే సిగ్నల్ లేనప్పుడు నల్లగానే ఉంటుంది, కానీ చీకట్లో చూస్తే వెనక వెలుతురు బూడిద రంగులో తెలుస్తుంది. దాన్ని బ్యాక్‌లైట్ పోయిందని పొరబడొద్దు.

ఇక గ్రాఫిక్స్ చిప్. బయటి మానిటర్ మీద కూడా గళ్లు, గీతలు, పది నిమిషాలు వేడెక్కాక మొదలవుతున్నాయి అంటే ముందు ఫ్యాన్ దుమ్ము తీసి, చిప్ వేడిని హీట్‌సింక్‌కి, అంటే వేడిని బయటికి పంపే లోహపు రెక్కలకి, చేర్చే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బియ్యపుగింజంత వేసి చూడండి. మన పోర్టు ధూళికి హీట్‌సింక్ రెక్కల మధ్య దట్టమైన పొర పేరుకుంటుంది. దానికీ తగ్గలేదా? అప్పుడు చిప్. చిప్‌ని హీట్‌గన్‌తో కాల్చి బాగుచేస్తామంటారు, ఇంట్లో ఓవెన్‌లో పెట్టమని చెప్పే వీడియోలూ ఉన్నాయి. దయచేసి చేయకండి. 2008 జూలైలో ఎన్విడియా కంపెనీ తన ల్యాప్‌టాప్ చిప్‌లలో లోపం ఉందని ఒప్పుకుని, 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకుంది. ఆ కాలపు చిప్‌లలో పగుళ్లు వచ్చేది బోర్డుకీ చిప్‌కీ మధ్య ఉన్న టంకంలో కాదు, చిప్ లోపల సిలికాన్‌కీ దాని పీటకీ మధ్య. పైనుంచి కాల్చితే అది కొన్నాళ్లు అతుక్కుంటుంది, మళ్లీ విడిపోతుంది. ఓవెన్‌లో అయితే ప్లాస్టిక్ కనెక్టర్లు, కెపాసిటర్లు కూడా ఉడుకుతాయి, ఆ పొగ మళ్లీ మీ అన్నం వండుకునే చోట.

ఒక అమ్మాయి అడుగుతోంది, ప్యానెల్ ఖరీదు పెట్టడం ఇష్టంలేదు, మిగతా మెషీన్ బాగుంది, ఏం చేయాలి అని. మంచి ప్రశ్నమ్మా. బయటి మానిటర్ పెట్టుకుని డెస్క్‌టాప్‌లా వాడుకో. మూత అడ్డమనిపించి తీసేద్దామనుకుంటే ఒకటి గుర్తుంచుకో, వైఫై యాంటెన్నా తీగలు మూతలోనే ఉంటాయి, నలుపొకటి తెలుపొకటి. మూతతోపాటు అవి కూడా పోతే వైఫై అందదు. యాంటెన్నాలు విడిగా తీసి బాడీకే అంటించొచ్చు. మూత సెన్సర్ దగ్గర అయస్కాంతం లేకపోవడంవల్ల నష్టం లేదు. విండోస్ సెట్టింగుల్లో మూత మూస్తే ఏమీ చేయవద్దని పెట్టుకుంటే మూత వేసి కూడా వాడుకోవచ్చు, కాకపోతే వేడి బయటికి పోయేలా అడుగున ఎత్తు పెట్టు.

పాడైన ప్యానెల్, ముఖ్యంగా పాదరసం ట్యూబున్నది, చెత్తబండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కి వెళ్లాలి. కాగితంలో చుట్టి, గాజు పగలకుండా అట్టపెట్టెలో పెట్టి ఇవ్వండి. పాత ప్యానెల్ ఇచ్చేముందు దాని వెనక స్టిక్కర్ ఫోటో మాత్రం ఫోన్‌లో ఉంచుకోండి, రెండో ప్యానెల్ కొనాల్సి వస్తే అదే కోడ్ కావాలి. ఇక ప్రశ్నలుంటే ఈ బల్ల దగ్గరకి రండి, మల్టీమీటర్, కేబుళ్లు ఇక్కడే ఉన్నాయి. మెషీన్ తెచ్చినవాళ్లు ముందు బ్యాటరీ తీసి రండి.